తాళం పడిన పుస్తకం

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కోడలు కంప్యూటర్ ఆన్ చేసింది. మూడేళ్లుగా మామగారు చెబుతుంటే తను టైపు చేస్తున్న గడియారాల పుస్తకం తెరుచుకోవడం లేదు. ఏ ఫైలు నొక్కినా ఒకటే ఎర్ర అక్షరాలు: మీ ఫైళ్లకు తాళం వేశాం, డబ్బు కడితేనే తెరుస్తాం.

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి ఆయన. ఈమధ్య మతిమరుపు మొదలైంది. మళ్లీ మొదట్నుంచీ చెప్పమంటే చెప్పలేరు. పుస్తకం పోతే ఇక పోయినట్టే.

"మామయ్యా! నిన్న దీని ముందు కూర్చున్నారు కదూ? ఏం నొక్కారు?"

"నేనా? ఏమో అమ్మా, గుర్తులేదు."

"ముట్టుకోవద్దని లక్షసార్లు మొత్తుకున్నాను! మీకు చెప్పేకంటే గోడకు చెప్పుకోవడం నయం!"

"నేనే నొక్కి ఉంటానులే" అంటూ ఆయన వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆమెకు మాత్రం కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. మెకానిక్‌కి ఫోన్ చేసి, వీధి గుమ్మానికీ కంప్యూటర్‌కీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

మెకానిక్ వస్తూనే ఇంటర్నెట్ వైరు పీకేశాడు.

"కాపీ లేదా మేడమ్?"

"ఈ డిస్కులో ఉంది. ఎక్కడైనా పోతుందేమోనని ఎప్పుడూ దీనికే తగిలించి ఉంచుతాను."

"అయ్యో రామా! అందుకే దానికీ తాళం పడింది. కాపీ అయ్యాక పీకి బీరువాలో పెట్టుకోవాలండీ." అతను ఇంకాసేపు వెతికాడు. "డబ్బు మాత్రం కట్టకండి, కట్టినా తెరుస్తారని నమ్మకం లేదు. అవునూ, యాంటీవైరస్ కాపలా ఎవరు ఆపేశారు? మంగళవారం ఫాంట్లు మార్చే ఉచిత ప్రోగ్రాం ఏదో ఎక్కించారు. ఇది దాంతోనే వచ్చింది."

ఎక్కించింది ఆమే. కాపలా ఆపితేగానీ ఎక్కనని అది మొరాయిస్తే, పని తొందరలో ఆపిందీ తనే.

ప్రూఫులు చూసే ఆడపడుచుకు అధ్యాయాలు మెయిల్లో పంపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే, పంపిన పన్నెండూ భద్రంగా ఉన్నాయంది. ఇంకా పంపని చివరి రెండే పోయాయి. "అంతా తుడిచి కొత్తగా సిద్ధం చేశాకే వాటిని దించుకోండి" అని మెకానిక్ కంప్యూటర్ పట్టుకెళ్లాడు.

ఆమె మామగారి ముందు నిలబడింది.

"మీరేం నొక్కలేదు మామయ్యా. తప్పు నాది. నోటికొచ్చినట్టు అన్నాను, క్షమించండి."

ఆయన గబుక్కున ఇటు తిరిగారు. "నిజంగా నేను కాదా?"

"కాదు."

"అమ్మయ్య! చేసేసి మరిచిపోయాననుకున్నానమ్మా. పొద్దుట్నుంచీ నా బెంగ పుస్తకం గురించి కాదు, నా బుర్ర గురించే."

ఆమె అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన తల నిమిరారు.

"ఏడుపు తర్వాత. కాగితం, కలం తీసుకురా. పోయిన ఆ రెండు అధ్యాయాలూ ఇవాళైతే గుర్తున్నాయి."