ఎల్లేశాన్ని ఎవరూ పిలవలేదు

రెండు రోజుల పనని గోదావరిఖని వచ్చిన యిర్మియా ఆరో రోజు కూడా అక్కడే ఉన్నాడు. హైదరాబాదు నుంచి వారపత్రిక సంపాదకుడు టెలిగ్రాం మీద టెలిగ్రాం కొడుతుంటే చదివి, మడిచి, జేబులో పెట్టుకుంటున్నాడు. రాజం లాంటి రచయిత నోరు విప్పాక మధ్యలో లేచి పోయేవాడు విలేకరి ఎలా అవుతాడు?

రాజం పదహారేళ్లు బొగ్గుబావిలో పనిచేసినవాడు. గని కప్పు కూలి చచ్చిపోయిన బిక్షం అనే కార్మికుడి మీద అరవై ఎనిమిదిలో ఒక నవల రాశాడు. దాంతో ఆయన పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఆ తర్వాత ఆరేళ్లుగా ఒక్క అక్షరం రాయలేదు. ఎందుకో కనుక్కుని రమ్మనే యిర్మియాను పంపారు. మొదటిరోజు ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ అనుకున్నారు. యిర్మియా తండ్రి మందమర్రి బావిలో కార్మికులకు దీపాలు అందించే గుమస్తా అని తెలిసిన సాయంత్రం నుంచి అన్నా, తమ్మీ అయిపోయారు. రాజం భార్య మల్లక్క రొట్టెలు కొడుతూ, “ఇగ నీ పెండ్లాన్ని గూడ ఈడికే తెచ్చుకో తమ్మీ” అని ఆటపట్టించేది.

ఒక్క సంగతే యిర్మియాకు మింగుడుపడలేదు. మధ్యాహ్నం రెండో షిఫ్టు సైరన్ మోగగానే రాజం మాట మధ్యలో ఆపేసి కిటికీ మూసేవాడు. మే నెల కావడంతో గది పొయ్యిలా కాగిపోయేది. అయినా చాలాసేపటి దాకా తెరవనిచ్చేవాడు కాదు.

ఆరో రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

“బిక్షం అని పాతిపెట్టినోడు బిక్షం కాదు తమ్మీ” అన్నాడు రాజం. “వాని పేరు ఎల్లేశం. నా సోపతిగాడు. అసలు బిక్షం నౌకరి ఇడిసి బొంబాయి పోయిండు. వాని కాయితాల మీద ఎల్లేశాన్ని నేనే పెట్టించిన.”

మారుపేరుతో పనిచేసేవాళ్లు ఉంటారని యిర్మియాకు తెలుసు. అక్కడి ఇంకో ఆచారం కూడా తండ్రి చెప్పగా విన్నాడు. లోపల చచ్చిపోయినవాణ్ణి పైకి మోసుకొచ్చేటప్పుడు, శవం ముందు నడిచేవాడు ప్రతి మలుపు దగ్గరా పేరు పెట్టి పిలవాలి. మలుపు వచ్చింది, నా వెంట రా అనాలి. వెనక్కి చూడకూడదు. పిలవకపోతే శవం ఒక్కటే పైకి వస్తుంది, మనిషి ఆ చీకట్లోనే ఉండిపోతాడు.

“ఆ రోజు ముందల నడిచింది నేనే. పక్కన ఆఫీసర్లున్నరు. ఎల్లేశం అని పిలిస్తే నా నౌకరి పోతది, వాని పెండ్లాం లింగవ్వకు బిక్షం పెండ్లామని వచ్చే పైస రాదు. గందుకే బిక్షం, బిక్షం అనుకుంట వచ్చిన.” రాజం మూసిన కిటికీ వైపు చూశాడు. “పిలిచింది తన్నేనని వానికెట్ల తెలుస్తది తమ్మీ? సైరన్ కొట్టంగనే పాత బాయి దిక్కు నుంచి అడుగుతడు... ‘రాజం, అందరు పోయిన్రా’ అని. నవలల గూడ బిక్షమనే రాసిన. వాన్ని బయటికి తేకుంట ఇగ కలం ఎట్ల పట్టాలె?”

యిర్మియాకు ఆ మనిషి మీద జాలి, ప్రేమ ఒక్కసారే పొంగుకొచ్చాయి. “పా అన్నా, ఇప్పుడే పోయి పిలుద్దాం” అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

ఎల్లేశం చచ్చిపోయిన పాత బావి మూతపడి ఏళ్లయింది. ఏటవాలుగా లోపలికి దిగే సొరంగం అది. నోటికి అడ్డంగా కట్టిన గోడ ఒక పక్క కూలిపోయి ఉంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పది అడుగులు దిగారో లేదో చలి మొదలైంది. తడి బొగ్గు వాసన, దానికి తోడు కుళ్లిన కర్ర వాసన. ఎక్కడో నీటిచుక్క ఆగి ఆగి పడుతోంది. మూడు మలుపులు తిరిగాక దారి లేదు. కూలిన కప్పు రాళ్లగుట్టలా పడి ఉంది. రాజం తన చేతిలోని దీపం యిర్మియాకు ఇచ్చి, గుట్ట ముందు నిలబడ్డాడు.

“ఎల్లేశం... నేను రా, రాజాన్ని. తప్పయింది. లే, పోదాం.”

నీటిచుక్క ఆగిపోయింది.

రాళ్ల మధ్య ఏదో కదిలింది...

“నువ్వు ముందల నడువు తమ్మీ” అన్నాడు రాజం గుసగుసగా. “ఎనుకకు సూడకు.”

యిర్మియా నడిచాడు. వెనక రాజం చెప్పుల చప్పుడు. దాని వెనక, తడి నేల మీద... ఉత్త కాళ్ల చప్పుడు.

“ఎల్లేశం, మలుపు వచ్చింది. నా ఎంట రా.”

రెండో మలుపు దగ్గర మళ్లీ అదే పిలుపు. రాజం గొంతు కాస్త దూరంగా వినిపించింది. చివరి మలుపు దగ్గర ఇంకా దూరమైంది. అడుగులు మాత్రం యిర్మియా మెడ వెనకే ఉన్నాయి. ఒక్క మనిషివే. ఉత్త కాళ్లవి.

గోడ దాటి ఎండలో పడ్డాకే వెనక్కి తిరిగాడు. రాజమే! అదే తెల్లచొక్కా, అదే నెరిసిన మీసం. యిర్మియాకు ప్రాణం లేచొచ్చింది.

“అన్నా! తీసుకొచ్చినవ్!”

ఆయన పలకలేదు. సూర్యుడి వైపు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. కాలిపోతున్న బొగ్గుపొడి మీద హాయిగా నిలబడ్డాడు.

“రాజమన్నా...”

పలకలేదు.

యిర్మియా ఒక అడుగు వెనక్కి వేశాడు. అడగకూడదు అనుకుంటూనే అడిగాడు.

“ఎల్లేశం?”

“ఆఁ” అన్నాడు ఆ మనిషి వెంటనే. “లింగవ్వ ఇంట్లనే ఉన్నదా?” జవాబు కోసం ఆగలేదు. గుడిసెల వైపు చకచకా నడిచి వెళ్లిపోయాడు.

అప్పుడు వెలిగింది యిర్మియాకు. మూడు మలుపుల దగ్గరా ఒక్క పేరే పిలిచారు. రాజాన్ని ఎవరూ పిలవలేదు.

ఏడుపు తన్నుకొస్తుంటే సొరంగం నోటి దగ్గరికి ఉరికాడు. పిలవబోయాడు. అంతలో లోపల, ఎంతో లోతు నుంచి, రాజం గొంతే వినిపించింది. మెల్లగా, ఓపికగా.

“యిర్మియా... మలుపు వచ్చింది. నా ఎంట రా.”

ఏ మలుపు దగ్గరా తన పేరు ఎవరూ పిలవకపోయినా, తాను బయటే ఉన్నాడు. వీపు ఎండకు చుర్రుమంటోంది. ఇక్కడున్నానని చెప్పబోయాడు...

ఈలోపే లోపలి చీకట్లోంచి ఎవరో పలికారు. అచ్చంగా యిర్మియా గొంతుతో.

“వస్తున్న అన్నా.”