మంచు గుర్తు దగ్గర ఆగిన మీట

జర్మనీలోని హార్జ్ కొండల్లో జనవరి సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది. వీబ్కె కింద కాఫీ తాగి, మేడ మీద పాప గదిలోకి వెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే ఆమె ఊపిరి పొగలా కనిపించింది.

కింద అన్ని గదులూ వెచ్చగానే ఉన్నాయి. ఈ ఒక్క గదిలోనే గోడకున్న వేడినీళ్ళ రేడియేటర్ మంచుగడ్డలా ఉంది.

నిమ్ముతో ఆసుపత్రిలో ఉన్న ఫ్రీడాను ఆ పొద్దునే ఇంటికి తెచ్చారు. నాలుగు నెలల పిల్ల. "గది వెచ్చగా ఉంచు. మళ్ళీ చలి తగిలిందంటే ఈసారి నేను మాటివ్వలేను" అంది డాక్టరు. భర్త డెట్లెఫ్ మధ్యాహ్నమే పాప మంచాన్ని ఈ గదిలోకి జరిపి డ్యూటీకి పోయాడు. పాప దగ్గుకి అతని నిద్ర పాడవుతుందట. బిడ్డ పుట్టేటప్పుడు పాడవని నిద్ర అది.

పోయిన మార్చి దాకా ఈ గది అతని తల్లి ఇర్మ్‌ట్రౌట్‌ది. ఆవిడ పోయాక తలుపు తెరవడం ఇవాళే మొదలు.

రేడియేటర్ మీట మంచు గుర్తు దగ్గర ఉంది. అంటే గొట్టాలు గడ్డకట్టకుండా ఉండేంత వేడి, అంతే. వీబ్కె తిప్పబోయింది. మీట కదల్లేదు. ఫోన్ చేసింది.

"మీట తిరగడం లేదు."

"పాపకి స్వెట్టరు వెయ్."

"రెండు వేశాను. గదిలో ఊపిరి పొగలొస్తోంది, డెట్లెఫ్."

"మీట అడుగున చీల ఉంటుంది. సూదితో లాగెయ్."

"చీలేమిటి?"

అవతల యంత్రాల రొద. "అమ్మ మాటిమాటికీ మీటని చివరి అంకె అయిదు మీద పెట్టేసేది. మంచంలోంచి చెయ్యి చాపి మరీ. ఎన్నిసార్లు తగ్గించను? చీలతో కట్టేశాను. ముసలాళ్ళకి చలేం తెలుస్తుంది?"

"అమ్మ గది వెచ్చగానే ఉందని నాతో చెప్పావు."

"ఇప్పుడదంతా ఎందుకు? తీసెయ్, సరిపోతుంది."

వీబ్కె ఫోన్ పెట్టేసింది. పోయిన చలికాలం తనకి మూడో నెల. మెట్లెక్కొద్దని భోజనం పళ్ళెం డెట్లెఫే పైకి తీసుకెళ్ళేవాడు. ఎంత మంచి మొగుడని వీధి వీధంతా మెచ్చుకుంది. రాత్రుళ్ళు పైనుంచి టక్... టక్ మని చప్పుడొచ్చేది. గొట్టాలు వేడెక్కి సాగుతున్నాయనేవాడు.

మంచు గుర్తు దగ్గర కట్టేసిన గదిలో ఏ గొట్టం వేడెక్కుతుంది?

చీల బియ్యపుగింజంత ఉంది. తీసి జేబులో వేసుకుంది. మీట అయిదు మీదకి తిరిగింది కానీ వేడి రాలేదు. మీటను మర విప్పి ఊడదీసింది. వాల్వులోని సన్నటి ఇనప పుల్ల లోపలికి దిగి, నీళ్ళదారి మూసేసి బిగుసుకుపోయింది. వేసవిలో మీటలన్నీ పూర్తిగా తెరిచి ఉంచకపోతే ఇంతే. ఏటా మే నెలలో అత్తగారే గదిగదికీ తిరిగి, ఒక్కో మీటనీ తిప్పేది. పోయిన మేలో తిప్పేవాళ్ళు లేరు.

పట్టకారుతో మెల్లిగా తట్టింది. రెండుసార్లు. మూడోసారికి పుల్ల టప్పున పైకి లేచింది. గొట్టంలో నీళ్ళు బుసకొట్టాయి. ఇనుము మెల్లిగా వేడెక్కింది. కాలిన దుమ్ము వాసన, దాని వెనకే కర్పూరం వాసన. అత్తగారు గుండెలకి రాసుకునే మందు.

మీట మళ్ళీ బిగించలేదు. మీట లేకపోతే పుల్లను నొక్కేది ఏదీ ఉండదు. నీళ్ళు పారుతూనే ఉంటాయి. పాపకి అదే మంచిదనుకుని, పాలకోసం కిందికి దిగింది.

సీసా సగం నిండింది. పైనుంచి... టక్.

వేడి ఇనుము చల్లారేటప్పుడు చేసే చప్పుడు.

టక్... టక్...

పరుగున వచ్చింది. రేడియేటర్ అప్పుడే చల్లారి గోరువెచ్చగా ఉంది. మోకాళ్ళ మీద వంగి చూసింది. పుల్ల కిందికి దిగుతోంది. నిదానంగా... ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు. కొసన మంచు పేరుకుంది. ఆ మంచులో సన్నటి గీతలు. వేలిముద్ర గీతలు.

"అత్తయ్యా..." జేబులోని చీలని తడిమింది. "చీల తీసేశాను. ఇది పసిది..."

పుల్ల వెంట్రుకవాసి పైకి లేచింది. ఆగింది.

మళ్ళీ పూర్తిగా దిగిపోయింది.

పాపని దుప్పట్లో చుట్టుకుని బయటికొచ్చేసింది. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. పక్కింటి గుడ్రున్ తలుపు తీసింది.

"ఇదేమిటే అమ్మాయ్, మంచులో ఇంటి చెప్పుల్తో?"

"మా ఇంట్లో వేడి రావడం లేదు. పాపకి..."

"రా, రా. మా వంటిల్లు పొయ్యిలా ఉంది. మీ ఆయనకి ఫోన్ చేశావా?"

"చేశాను."

"స్వెట్టరు వెయ్యమన్నాడా?"

వీబ్కెకి నవ్వు రాలేదు. పాపని గుండెకి అదుముకుని రేడియేటర్ పక్కన కూర్చుంది. ఫ్రీడా దగ్గుతోంది. దగ్గుతోంది కదా, ఫరవాలేదు.

గుడ్రున్ బఠానీ సూపు కలుపుతూ గొంతు తగ్గించింది. "దగ్గు పైగదిలోంచి వినిపించింది. ఆ గదిలో పెట్టాడా పిల్లని? పోయిన చలికాలం మీ అత్తగారు పైనుంచి ఈ గోడే తట్టేది. రోజూ. నేను రేడియో సౌండు పెంచేదాన్ని. ఒకరి సంసారంలో మనకెందుకని..."

టక్.

గరిటె ఆగింది.

"పొద్దుటినుంచీ కాలిపోతూనే ఉందే" అంటూ గుడ్రున్ వచ్చి రేడియేటర్ మీద చెయ్యి పెట్టింది. వెంటనే తీసేసింది. మీట పట్టుకుని తిప్పింది. తిరగలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది.

"మంచు గుర్తు దగ్గర ఉందేమిటి? అడుగున ఏదో చీల కూడా ఉంది. ఎవరు పెట్టారిది?"

వీబ్కె జేబులో చెయ్యి పెట్టింది. ఖాళీ.

టక్... టక్...

గుడ్రున్ నోటి ముందు ఊపిరి పొగలా లేచింది. వీబ్కె నోటి ముందు కూడా.

ఫ్రీడా దగ్గడం మానేసింది.

వీబ్కె దుప్పటి తొలగించి, ఆ చిన్న నోటి మీదికి వంగింది. మూడో పొగ కోసం చూసింది.

కర్పూరం వాసన వచ్చింది.