తీగ మీది చొక్కాలు

"పాపని వాళ్ల నాన్నకి అప్పగించమంటారేమో అత్తయ్యా..." విచారణకు రమ్మన్న కాగితం పట్టుకుని అంది కోడలు. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే పడి ఉంది.

సర్కారు కోర్టుకి వెళితే, పెళ్లిళ్లూ పిల్లల సంగతులూ మీ మత న్యాయస్థానంలోనే తేల్చుకోండి, వాళ్లు రాసిచ్చిందే మేం అమలు చేస్తాం అని పంపేశారు. అక్కడేమో భర్త అడ్డంగా అబద్ధమాడాడు. తను ఇల్లు వదల్లేదట, వారం వారం వస్తూనే ఉన్నాడట! ఇంటి యజమానిగా ఎనిమిదేళ్ల పాప ఎక్కడుండాలో తనే చెబుతాడట! ఇరుగుపొరుగు కూడా, తీగ మీద అతని చొక్కాలు చూస్తూనే ఉన్నామన్నారు. పాపం, వాళ్ల తప్పేముంది?

ఆ చొక్కాలు ఆరేసింది అత్తగారు. కొడుకు వేరే సంసారం పెట్టాడని తెలిస్తే వీధిలో తలెత్తుకోలేనని, అతను వదిలేసి వెళ్లిన చొక్కాలనే నాలుగేళ్లుగా ప్రతి సోమవారం ఉతికి ఆరేసింది. ఇస్త్రీ చేసింది కోడలే. పరువు కోసమని ఊరుకున్నందుకు ఇప్పుడు కన్నకూతురే దూరమయ్యేలా ఉంది...

"నిజం చెబుతారు కదూ అత్తయ్యా?"

అత్తగారు మనవరాలి జడకు రిబ్బను కట్టి, ఒక సంచీ చంకన పెట్టుకుని బయల్దేరింది.

"మీ అబ్బాయి ఇంటికి వస్తున్నాడా అమ్మా?" అని అడిగాడు న్యాయపీఠం మీది పెద్దాయన.

"చెప్పమ్మా" అన్నాడు కొడుకు.

అత్తగారు కొడుకు వంక చూసింది. కోడలు పాపని దగ్గరకు లాక్కుంది. కన్నకొడుకును కాదని కోడలి పక్షాన ఏ తల్లి నిలబడుతుంది...

"రావట్లేదు బాబూ" అంటూ ఆవిడ సంచీలోని చొక్కాలు బల్ల మీద పెట్టింది. "నేనే ఆరేశాను. ఉతికి ఉతికి రంగు పోయింది గానీ, తొడిగిన గుర్తుగా ఒక్క కాలరైనా అరిగిందేమో చూడండి. నా పరువు కోసం చేశాను. దానికి నా కోడలికి కడుపుకోత పెట్టకండి."

పెద్దాయన ఒక్కో కాలరూ తిప్పి చూశాడు. కొడుకు తల దించుకున్నాడు. పాప తల్లి దగ్గరే ఉండాలని గుమాస్తా చేత రాయించారు. కోడలు అక్కడే అత్తగారి భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ చొక్కాల కుట్లు విప్పి కోడలు పాపకు గౌను కుట్టింది. సోమవారం అత్తగారు దాన్ని ఆరేస్తుంటే పక్కింటావిడ ఏమీ తెలియనట్టు, "మీ అబ్బాయి బట్టలు లేవేం పిన్నిగారూ?" అంది.

అత్తగారు గౌనుకు క్లిప్పు పెట్టింది.

"వాడు వెళ్లిపోయి నాలుగేళ్లయిందమ్మా."