పూజనాడు పలికిన మిషన్

విశ్వకర్మ పూజనాడు కలకత్తాలో మిషన్లకి విశ్రాంతి. మెటియాబ్రుజ్ దగ్గరి ఆ చిన్న జెట్టీలోనూ క్రేన్లకీ కంప్యూటర్లకీ బొట్లు పెట్టి, ఆఫీసు లైను తప్ప కరెంటంతా కట్టేశారు. భాను మాత్రం సెలవు మానుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఏ మిషన్లో కాలం చెల్లిన సాఫ్ట్‌వేర్ మిగిలిందో వెతికి తీయించడం ఆమె ఉద్యోగం. అన్నీ ఆపిన రోజు వెతికితే, దొంగచాటుగా నడిచేది ఇట్టే దొరుకుతుంది.

దొరికింది. మూడో క్రేను.

భానుకి ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల కిందట ఆ పాత సాఫ్ట్‌వేరే మొరాయిస్తే, చేతి బ్రేకు పట్టి బరువు ఆపబోయిన ఆపరేటర్ గురువులు షాక్ కొట్టి పోయాడు. తాగి ఉన్నాడని రాసి చేతులు దులుపుకున్నారు. ఎత్తిన ఇనప దిమ్మ ఇంకా పైనే వేలాడుతోంది. అప్పట్నించీ ఆగిపోయిన ఆ క్రేను రేపట్నించి మళ్లీ నడుస్తుంది. దాని కింద పనిచేసేది తన తమ్ముడు సుందర్. పాతది తీసేశామని మేనేజరు చెప్పింది పచ్చి అబద్ధం. ఎవరడ్డొచ్చినా ఇవాళ పీకి పారేస్తాననుకుని బయల్దేరింది.

ఆ క్రేను కంట్రోల్ రూమ్ తాళం తీయగానే కాలిన తీగ వాసన. దాని వెనకే గురువులు మావ కాల్చే చుట్ట వాసన... మబ్బు పట్టి గది చీకటిగా ఉంది. కరెంటు లేదు. తెర వెలుగుతోంది.

బ్రేకుకి వెళ్లే తీగ మీద చెయ్యి వేసింది.

"తియ్యకమ్మా..."

చెవి పక్కనే. చల్లగా.

"నానే పట్టుకున్నాను."

భాను చెయ్యి వెనక్కి లాక్కుంది. కిటికీలోంచి చూస్తే, సరిగ్గా ఆ దిమ్మ కిందే సుందర్, అతని జట్టు ప్రసాదం పంచుకుంటున్నారు. గొంతు చించుకుని కేకేసింది. అందర్నీ రెండో క్రేను వైపు పొమ్మంది. వాళ్లు నవ్వుకుంటూ కదిలారు.

వెనక్కి తిరిగింది. భయం పోలేదు, కానీ కోపం దాన్ని మించిపోయింది.

"నువ్వు తాగలేదని నాకు తెలుసు మావా. ఆఫీసులో అందరి ముందూ ఆ మాట చెప్తాను, ఉద్యోగం పోతే పోనీ. ఈ చచ్చిన మిషన్‌ని మాత్రం నా తమ్ముడి నెత్తి మీద ఉండనివ్వను. కింద ఎవుళ్లూ లేరు. ఇంక వొదిలీ."

తీగ పీకేసింది.

తెర ఆరిపోయింది. బయట ఇనప దిమ్మ కదిలింది... పడలేదు. ఎవరో చేతుల్తో దించినట్టు మెల్లగా వచ్చి నేలనానింది. భానుకి ఏడుపొచ్చింది.

అప్పుడు కిర్రుమని చప్పుడు.

రెండో క్రేనుది. పోయిన నెలే తన చేత్తో కొత్త సాఫ్ట్‌వేర్ వేసింది. దానికీ కరెంటు లేదు. కొక్కెం నెమ్మదిగా పైకి లేస్తోంది.

దాని కింద నిలబడిన సుందర్ తలెత్తి, తాళం వేసిన కేబిన్‌లో వెలిగిన చుట్ట నిప్పుని చూస్తూ, ఎవరికో నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు.