మందమర్రి బస్సుల డబుల్ బెల్

మందమర్రి నుంచి మంచిర్యాల పోయే పొద్దుగాల బస్సుకు మొగిలి కండక్టర్. మంచిర్యాల బడిల సైన్స్ చెప్పే అనసూర్య రోజూ ఆ బస్సే ఎక్కుతది. తొలినాడే కొట్లాటయింది. తడిసిన గొడుగు మొగిలి చేతుల ఉన్న టికెట్ల మీదనే విదిలిచ్చింది మరి!

"జర చూసుకోండ్రి టీచరమ్మా, టికెట్లన్నీ ముద్దయినయి!"

"కండక్టర్ సాబ్‌కు కోపం గూడ వస్తదా?" అని నవ్వింది. ఆ నవ్వుకు మొగిలి ఖతం.

ఇంకోనాడు ఆమెనే మాట కలిపింది. "నిన్న పిల్లలకు కండక్టర్ల పాఠం చెప్పిన. రాగితీగ కండక్టరే, కరెంటును పోనిస్తది. పెద్ద బ్యాండు ముందట పుల్ల ఊపేటాయన గూడ కండక్టరే. ఇగ మీరున్నరు, కడుపుల మాట ఒక్కటి బయటికి పోనియ్యరు!"

మొగిలి చెవులు ఎర్రబడ్డయి. "టికెట్, టికెట్" అనుకుంట వెనుకకు ఉరికిండు.

వానకాలం సగం గిట్లనే గడిచింది. ఒకనాడు అనసూర్య వెంట తల్లి పోచవ్వ గూడ ఎక్కింది, కొత్తచీర కొననీకి.

"రేపు పిల్లను చూడ వస్తుండ్రు. పిలగాడు బొగ్గుబాయిల వైర్‌మన్," అని బస్సులున్న అందరికీ చెప్పింది.

మొగిలి చిల్లర లెక్క తప్పిండు. ఎల్లుండి సంది తన డ్యూటీ హుస్నాబాద్ లైనుకు పడ్డది. ఇయ్యాల నోరు తెరవకుంటే పిల్ల ఇగ దక్కదు. తెరుద్దామంటే పక్కనే తల్లి!

అనసూర్య చూసింది, చూసింది, లేచి తాడు గుంజింది. ఒక్క బెల్లు. దంచే వానల, నడిరోడ్డు మీద బస్సు ఆగింది.

"ఎవలు దిగుతుండ్రు?" డ్రైవర్ ముత్తయ్య అరిచిండు.

"ఎవ్వలు దిగరు ముత్తన్నా. కండక్టర్ సాబ్ నాకొక మాట చెప్పాలె. చెప్పినంకనే డబుల్ బెల్లు."

"చెప్పు పిలగా, మాకు లేటయితుంది!" అన్నరు వెనుకసీటోళ్లు.

మొగిలి పోచవ్వ దిక్కు తిరిగిండు. "అవ్వా, నీ బిడ్డంటే నాకు పానం. నాకిస్తే కండ్లల్ల పెట్టుకొని చూసుకుంట."

పోచవ్వ బిడ్డ మొఖం చూసింది. "నీకు గూడ ఇష్టమేనానే?"

"లేకుంటే బస్సెందుకు ఆపుత అవ్వా?"

"ఏ ఊరు పిలగా? ఎవలోళ్లు?"

"సిరిసిల్ల. పద్మశాలోళ్లం. మా బాపు మగ్గం నేస్తడు."

"ఓరి నీ! మేం గూడ పద్మశాలోళ్లమే గదా! రేపు నీ అవ్వను, బాపును తోలుకొని రా."

"మరి ఆ వైర్‌మన్ వాళ్లు?"

"వాళ్లకు ఇయ్యాలనే కబురు చేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

మొగిలి సంతోషంల డబుల్ బెల్లు సంగతే మరిచిండు. పోచవ్వనే తాడు అందుకొని రెండుసార్లు గుంజింది.

"పోనియ్యి ముత్తయ్యా," అన్నది, "జల్ది పోనియ్యి. చీర ఇప్పుడు ఇంకింత మంచిది కొనాలె!"