తీగ మీద తడి అంగీ

హాలు మధ్యలో బల్ల. బల్ల మీద చాప. చాప మీద ఒక తెల్లటి పొడుగు అంగీ చేతులు చాచి వెల్లకిలా పడుకుని ఉంది.

లోపల మనిషి లేదు.

మెడ నుంచి పాదాల దాకా గుండీలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కుడిచేతి చివర ఉంగరం. తల ఉండవలసిన చోట నాలుగు పిన్నులు. జనం వరసగా వచ్చి, ఆ గుడ్డకు దండం పెట్టి, కళ్ళు తుడుచుకుని, ఇంటికి పోకుండా గోడల వెంబడి నిలబడిపోతున్నారు.

ఇన్‌స్పెక్టర్ వరసను పక్కకు తప్పించి ముందుకొచ్చింది. ఆమె వచ్చింది దర్శనానికి కాదు, మిస్సింగ్ కేసు మీద. కంప్లైంట్ ఇచ్చింది ఆ ఇంటి కోడలి అన్న.

"మీ కోడలు ఎక్కడండీ?"

ఇంటి పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన పని లిఫ్టులు తనిఖీ చేసి సర్టిఫికెట్లు ఇవ్వడం. రిటైరయ్యాక మనుషుల్లో ఎవరు పైకి వెళ్తారో, ఎవరు కింద ఉండిపోతారో తేల్చే పని పెట్టుకున్నాడు. చుట్టుపక్కల వీధులవాళ్ళు ఆయన్ని అయ్యగారంటారు.

"పైకి తీసుకున్నారు తల్లీ."

"ఎవరు?"

"ఆయన."

"ఆయన పేరు, చిరునామా?"

జనంలో గుసగుస లేచింది. అయ్యగారు జాలిగా నవ్వాడు. చదువుకున్నవాళ్ళ మీద జాలిపడటం ఆయనకు బాగా అలవాటు.

మిగతా సంగతి కొడుకు చెప్పాడు. కొడుకంటే, మాయమైన అమ్మాయి మొగుడు. పెళ్ళాం కనబడనివాడిలా లేడు. ప్రమోషన్ వచ్చినవాడిలా ఉన్నాడు.

ఇంటి వెనకవైపు ఒక మౌనగది ఉంది. కిటికీ లేదు. తలుపుకు బయట తాళం. తాళంచెవి అయ్యగారి మెడలో. మనసులో సందేహం పుట్టినవాళ్ళు అందులో కూర్చోవాలి. తిండి ఉండదు, నీళ్ళుండవు. సందేహమైనా పోవాలి, పైనుంచి పిలుపైనా రావాలి.

"మీ ఆవిడకు ఏం సందేహం వచ్చింది?"

"నాన్నగారికి పిలుపు ఎప్పుడూ భోజనానికి ముందే ఎందుకు వినిపిస్తుందని అడిగిందండి."

"దానికి నాన్నగారేమన్నారు?"

"భోంచేశాక చెప్తానన్నారు."

కానిస్టేబుల్ దగ్గు తెచ్చుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం మారలేదు.

"ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరా?"

"పొద్దున ఏడింటికి ఒక్కసారి అమ్మ వెళ్తుంది, ఉతికిన అంగీ తీసుకుని. మౌనంలో ఉన్నవాళ్ళు మాసిన బట్టతో ఉండకూడదు. వాళ్ళ ముఖం అమ్మ తప్ప ఎవరూ చూడకూడదు. అందుకని నాన్నగారు తాళం తీయగానే ఇంటిల్లిపాదీ నడవాలో నిలబడి, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంటాం. అమ్మ 'అయింది' అన్నాకే తెరుస్తాం."

"ముందే తెరిస్తే?"

"చూపు పోతుంది."

"ఎవరికైనా పోయిందా?"

"ఇంతవరకూ ఎవరూ తెరవలేదండి."

అతను ఆ మాట గర్వంగానే చెప్పాడు. మొన్న పొద్దున అలాగే అంగీ మార్చారట. సాయంత్రం అయ్యగారికి పిలుపు వినిపించింది. తలుపు తీస్తే చాప మీద అంగీ ఉంది, మనిషి లేదు. ఎవరూ ముట్టుకోలేదు. చాపతో సహా ఎత్తుకొచ్చి హాల్లో పెట్టారు.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి వంగింది. అంగీని కింది నుంచి పైదాకా చూసింది. ముక్కు దగ్గరగా పెట్టి ఒకసారి వాసన చూసింది. వెనక ఎవరో భక్తిగా నిట్టూర్చారు. ఆమె కూడా దారిలో పడిందనుకున్నట్టున్నారు.

"కళ్ళజోడు ఏది?"

"ఏం కళ్ళజోడు?" అన్నాడు కొడుకు.

"మీ ఆవిడది. అది లేకపోతే తనకు తలుపేదో గోడేదో తెలియదట, మీ బావమరిది చెప్పాడు. పెళ్ళయ్యాక మీరు గమనించలేదేమో."

అయ్యగారు చెయ్యెత్తాడు. "పైన అంతా వెలుగే తల్లీ. అక్కడ కళ్ళజోడుతో పనేముంది?"

"నేనూ అదే అంటున్నాను. పనిలేని వస్తువైతే పిన్నులతో పాటు ఇక్కడే వదిలెయ్యాలి కదండీ."

అయ్యగారు కాసేపు పైకప్పు వైపు చూశాడు. పైనుంచి సాయమేదీ అందలేదు. "అంతా ఆయన లీల," అన్నాడు.

"మౌనగది చూడాలి."

"అద్భుతం జరిగిన చోటు. నెల తిరిగేదాకా తెరవకూడదు."

"మీకు పెళ్ళికాని కూతురు ఒకమ్మాయి ఉండాలే?"

"చెల్లెలు మా పిన్ని ఇంటికి వెళ్ళింది," కొడుకు గబుక్కున అన్నాడు. ఆమె అడిగింది అతన్ని కాదు, అతని తండ్రిని.

అంతదాకా గుమ్మం పక్కన స్తంభంలా నిలబడిన పెద్దావిడ కదిలింది. అయ్యగారి భార్య. సన్నటి మనిషి. ఎండకూ సబ్బుకూ తోలులా బిరుసెక్కిన చేతులు.

"లోపల జనం ఎక్కువగా ఉన్నారు. పెరట్లోకి రండమ్మా, మంచినీళ్ళిస్తాను."

పెరట్లో కుళాయి, బట్టలుతికే బండ, ఒక తీగ. తీగ మీద మరో తెల్లటి పొడుగు అంగీ వేలాడుతోంది. అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

పెద్దావిడ గ్లాసు అందించింది. కళ్ళు మాత్రం తీగ మీదే ఉన్నాయి.

"ఈ అంగీలు ఎవరు వేసుకుంటారమ్మా?"

"మౌనగదిలో ఉన్నవాళ్ళే. ఇంకెవరూ ముట్టుకోరు."

"ఇదెప్పుడు ఉతికారు?"

"పొద్దున విడిచింది, ఇందాకే ఉతికాను."

"మీ కోడలు మొన్ననే పైకి వెళ్ళిపోయింది కదా. మరి ఈ పొద్దున విడిచిన అంగీ ఎవరిది?"

పెద్దావిడ తీగ మీది అంగీ అంచు పట్టి పిండింది. "నోరు విప్పనని నాచేత ఒట్టు పెట్టించుకున్నారు. బట్టలు ఆరెయ్యనని పెట్టించుకోలేదు."

ఇన్‌స్పెక్టర్ గ్లాసు బండ మీద పెట్టి లోపలికి పరుగెత్తింది.

నడవా చివర మౌనగది. తాళం పిడికిలంత ఉంది. అయ్యగారు అప్పటికే వచ్చి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. వెనకే కొడుకు, ఆ వెనక జనం.

"తాళంచెవి ఇవ్వండి."

"నా బిడ్డ తనంతట తను వెళ్ళింది. మేజరు. బతిమాలి మరీ వెళ్ళింది."

"కానిస్టేబుల్, జీపులోంచి ఇనుపకడ్డీ తీసుకురా."

అతను పరుగెత్తాడు. అతను వచ్చేలోగా ఖాళీగా ఉండటమెందుకని ఇన్‌స్పెక్టర్ జనం వైపు తిరిగింది.

"మీ అద్భుతం ఎలా జరిగిందో చెప్తాను, వినండి. కోడలు ఈ తలుపులోంచే వెళ్ళింది. మొన్న పొద్దున ఏడింటికి. ఇంట్లోవాళ్ళు వరసగా నిలబడి, గోడకు ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని మర్యాదగా దారి వదిలారు. అత్తగారు ఉతికిన అంగీతో లోపలికెళ్ళారు. దాని మడతల్లో మామూలు బట్టలు, కళ్ళజోడు. కోడలు అవి వేసుకుని మీ వీపుల వెనక నుంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి వీధిలోకి నడిచిపోయింది. అత్తగారు అంగీ పరిచి, గుండీలు పెట్టి 'అయింది' అన్నారు."

"రుజువేంటి?" అన్నాడు కొడుకు.

"హాల్లో బల్ల మీదుంది. గాలాడని గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనిషి తొడుక్కుని కూర్చున్న అంగీ అది. చెమట మరక ఉందా? మోకాలి దగ్గర ఒక్క ముడతైనా ఉందా? ఇంకా సబ్బు వాసనే వేస్తోంది. ఛాతీకి అడ్డంగా ఇస్త్రీ మడత గీత గీసినట్టుంది. ఇంతమంది వంగి వంగి దండాలు పెట్టారు, ఒక్కరికీ కనబడలేదు. మీ బట్టలకు ఇస్త్రీ ఎక్కణ్ణుంచి వస్తుందో మీకెవరికీ తెలియదు కాబట్టి."

ఆమె పెద్దావిడ వైపు చూసింది. "విడిచిన అంగీనే పరిచి ఉంటే నేనూ పట్టుకోలేకపోయేదాన్ని."

"చేతులు రాలేదమ్మా," పెద్దావిడ తలవంచుకుంది. "మౌనగదిలో మురికిగుడ్డ ఎలా పెడతాను?"

అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు.

"ఆయన తలుచుకుంటే మడతైనా నలగకుండా తీసుకెళ్ళగలడు."

"అవునవును," అన్నారు జనం. వాళ్ళ ముఖాల్లో ఎంత హాయి కనబడిందంటే, ఇన్‌స్పెక్టర్‌కు కడ్డీ తన చేతిలో లేకపోవడమే మంచిదనిపించింది.

తాళం మూడో దెబ్బకు ఊడింది.

లోపల వేడి ముఖానికి కొట్టింది. మూలన, చాప మీద, తెల్లటి అంగీలో ఒక అమ్మాయి గోడకు ఆనుకుని ఉంది. పెదాలు పగిలి నెత్తురు చారికలు కట్టాయి. కళ్ళు లోతుకు పోయాయి. కానిస్టేబుల్ అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు.

తల్లి గ్లాసుతో పక్కన కూలబడింది. అమ్మాయి ముఖం తిప్పుకుంది.

"వద్దమ్మా. మధ్యలో పాడుచెయ్యకు."

"నీకు చెప్పాను కదే తల్లీ. నిన్నా ఇవాళా చెప్తూనే ఉన్నాను కదే. వదినను పంపించింది నేనే."

"నీకు విశ్వాసం లేదు. అందుకే అలా అంటున్నావు." మాట గాలిలా వస్తోంది. "నాకు రుజువుంది. ఆ పొద్దున కళ్ళు మూసుకుని నిలబడితే నా భుజం మీద చెయ్యి పడింది. అన్నయ్యకు పడలేదు. నాన్నకూ పడలేదు. నాకే."

గుమ్మంలోంచి అయ్యగారు తల పంకించాడు.

పెద్దావిడ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "కోడల్ని కాపాడదామని దొంగ అద్భుతం చేశానమ్మా. దాన్ని నా కూతురే నమ్మింది."

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించొచ్చు. కాని ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతకాలం ఈ పిల్ల మళ్ళీ మళ్ళీ ఇదే గది వెతుక్కుంటుంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి కంప్లైంట్ ఇచ్చిన అన్నకు కలిపింది.

"మీ చెల్లెల్ని లోపలికి తీసుకురండి."

"మేడమ్, చెల్లెలు మిస్సింగని కదా నేను..."

"ఆ గది తెరిపించండని మూడుసార్లు రాశారు. చెల్లెల్ని వెతకండని ఒక్కసారీ రాయలేదు. ఎక్కడున్నారు?"

"వీధి చివర కారులోనండి. చెల్లెలి ఆడపడుచు కోసం వాళ్ళ అత్తగారే ఫోన్ చేశారు. ఇష్టపడి ఉపవాసం ఉంటోందని చెప్తే మీరు రారేమోనని మిస్సింగన్నాం."

కోడలు హాల్లో అడుగుపెట్టింది. ముక్కు మీద మందపాటి కళ్ళజోడు. జనం దభాలున మోకాళ్ళ మీద పడ్డారు.

"తిరిగి పంపించారు," అయ్యగారు చేతులెత్తాడు.

"బస్సులో వెళ్ళాను మావయ్యా. ఇప్పుడు కారులో వచ్చాను. కొంచెం జరగండి."

ఆయన జరిగాడు. మొగుడు ఏదో అనబోయాడు. ఆమె అతన్ని దాటుకుని గదిలోకెళ్ళి, ఆడపడుచు పక్కన కూర్చుంది. ఎడమ భుజం మీద చెయ్యి వేసి రెండుసార్లు మెల్లగా తట్టి, ఒకసారి నొక్కింది.

"ఇలాగేనా?"

అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి.

"నిన్ను కూడా వచ్చెయ్యమని తట్టానే, పిచ్చిమొద్దూ. నువ్వేమో ఇంకా గట్టిగా కళ్ళు మూసుకున్నావు."

"పేరు పెట్టి పిలవచ్చు కదా వదినా."

"నేను నోరు తెరిస్తే మీ నాన్న కళ్ళు తెరిచేవాడు."

అమ్మాయి భుజం మీది చేతిని తడిమింది. వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. ఏడవడానికి ఆమె ఒంట్లో నీళ్ళు లేవు. చాలాసేపటికి తల్లి వైపు తిరిగి నోరు కొద్దిగా తెరిచింది.

పెద్దావిడ గ్లాసు వంచింది. ఒక్కొక్క గుక్కే, ఆగి ఆగి.

అంబులెన్స్ వెళ్ళాక తండ్రీకొడుకుల్ని జీపెక్కించారు. తాళంచెవి మెడలోంచి తీసి కవర్లో వేశారు. హాల్లో కానిస్టేబుల్ ఎవిడెన్స్ కోసం అంగీ మడుస్తుంటే, ఒకావిడ ఛాతీ మీది ఇస్త్రీ గీత చూసి కళ్ళకద్దుకుంది. "ఎంత తిన్నగా ఉందో చూడండి. మనుషుల చేతులకు సాధ్యమా?"

వెనక నిలబడిన పెద్దావిడ తన చేతుల వైపు ఒకసారి చూసుకుని, కోడలితో కలిసి ఆస్పత్రికి బయలుదేరింది.

జీపు కదిలింది. అయ్యగారు కళ్ళు మూసుకున్నాడు.

"పిలుపు వచ్చే వేళయింది తల్లీ."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసింది. పన్నెండూ నలభై.

"వినండి, పర్లేదు. స్టేషన్లో భోజనం మాత్రం రెండు దాటాకే."

దారి పొడవునా ఆయనకు ఏమీ వినిపించలేదు.