అబ్బాయి ఇంకా రాలేదు

తలుపు తీసిన అమ్మాయి నన్ను చూడలేదు. నా చేతిలోని స్క్రూడ్రైవర్‌ని చూసింది.

"మా అన్నయ్యని తుడిచెయ్యడానికి వచ్చింది మీరేనా?"

"అన్నయ్యని కాదండీ, గోడని. గోడ జ్ఞాపకాన్ని."

"మాకు రెండూ ఒకటే."

తలుపు నా మొహం మీదే వేసేసేది. వాళ్ళమ్మగారు లోపల్నుంచి, "ఎవరే, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడుతున్నావు?" అనబట్టి బతికిపోయాను.

యుద్ధం మొదలయ్యాక ప్రతి ఇంటికీ ఒక ఇనుప గోడ అమర్చారు. సైరన్ మోగితే అది ఇంటి చుట్టూ మూసుకుంటుంది, ఆకాశం నుంచి దిగే బూడిద పొగ లోపలికి రాదు. అయితే శత్రువులు పంపే యంత్రాలు మనుషుల రూపంలో వచ్చి ఇళ్ళల్లో దూరేవి. అందుకని గోడకి వినడం నేర్పారు. ఇంట్లోవాళ్ళ నడక, దగ్గు, కీచులాటలు అన్నీ విని, తనవాళ్ళెవరో గుర్తు పెట్టుకుంటుంది. పరాయివాళ్ళు లోపలుంటే మూసుకోదు. వీధి తలుపుని కూడా అదే తెరవగలదు, మూయగలదు. అలాంటి గోడల్ని రిపేరు చేయడం నా ఉద్యోగం.

ఈ గోడకి పట్టిన జబ్బు వేరు. రోజూ చీకటి పడే వేళకి తలుపు తనంతట తానే తెరుచుకునేది. "అబ్బాయి వచ్చాడు" అని చెప్పి, మళ్ళీ మూసుకునేది. ఆ అబ్బాయి చంద్రుడికి అవతల జరిగే యుద్ధానికి వెళ్ళాడు. అతని ఓడ తిరిగి రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు.

దాడి సమయంలో తలుపు అలా తెరుచుకుంటే ఇంటిల్లిపాదీ పోతారు. రూల్ ప్రకారం గోడని తుడిచేసి, ఇంట్లో ఉన్నవాళ్ళని గుర్తుపట్టడం మళ్ళీ మొదట్నుంచీ నేర్పాలి. ఆ తర్వాత అబ్బాయి నిజంగానే తిరిగొచ్చినా గోడకి పరాయివాడే. వాళ్ళమ్మగారు అందుకే ఒప్పుకోవడం లేదు.

"సెన్సర్ చెడిపోయి ఉంటుందండీ, గాలికి తెరుచుకుంటోంది" అన్నాను మహా తెలిసినవాడిలా. గడప మీద కాస్త పిండి చల్లి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. ఒక వారపత్రికలో ఆమె బొమ్మల కథ వస్తుంది. అందులో వేరే గ్రహం, అక్కడా ఒక యుద్ధం, అక్కడా ఒక కుటుంబం.

వెలుగు తగ్గింది. తలుపు తెరుచుకుంది. వీధిలో ఎవరూ లేరు. చల్లటి గాలి నా మోకాళ్ళని రాసుకుంటూ లోపలికి వెళ్ళింది.

"అబ్బాయి వచ్చాడు" అంది గోడ. అచ్చం వాళ్ళమ్మగారి గొంతు. ఆ ఇంట్లో ఎక్కువ మాట్లాడేది ఆవిడే కాబట్టి గోడకి ఆ గొంతే పట్టుబడింది.

పిండిలో రెండు బూటు గుర్తులు పడ్డాయి, లోపలి వైపుకి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"గుమ్మంలో కాసేపు ఆగుతాడు" అంది ఆ అమ్మాయి బొమ్మ మీంచి తలెత్తకుండా. "బూట్లు విప్పాలి కదా పాపం. పొద్దున్నే మళ్ళీ వెళ్ళిపోతాడు. మేం లేచేసరికి తలుపు తీసే ఉంటుంది."

"మీకు భయం వెయ్యదా?"

"మా అన్నయ్యంటే నాకు భయమేమిటి? మీరు ముందు కాళ్ళు కింద పెట్టండి, కుర్చీ విరుగుతుంది."

నా కాళ్ళు కుర్చీ మీదికి ఎప్పుడెక్కాయో నాకే తెలియదు.

ఆ రోజు తుడవలేదు. ఏవో పార్టులు కావాలని ఆఫీసులో అబద్ధమాడాను. మర్నాడూ వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, గోడ కోసం కాదు.

ఆ వారం పత్రిక తెరిస్తే, బొమ్మల కథలోకి గోడలు తుడిచే రాక్షసుడొకడు కొత్తగా దిగాడు. చేతిలో స్క్రూడ్రైవర్.

"నా ముక్కు మరీ అంత ఉంటుందా?"

"తగ్గించే వేశాను."

"చివరికి వాడు చస్తాడా?"

"ఇంకా అనుకోలేదు. వాడి ప్రవర్తనని బట్టి ఉంటుంది."

అని నవ్వింది. ఆ నవ్వు చూశాక పని మీద ధ్యాస నిలవలేదు. వాళ్ళమ్మగారు మాత్రం నన్ను తెగ తిట్టేవారు. బూట్లతో లోపలికొచ్చావేంరా అని, పళ్ళెంలో సగం వదిలేశావేంరా అని. నాకు అమ్మ లేదు. ఆ తిట్లు హాయిగానే ఉండేవి.

చివరికి మా ఆఫీసరు, ఇవాళ తుడవకపోతే ఇల్లు ఖాళీ చేయిస్తానన్నాడు. ఆ అమ్మాయిని వీధి మలుపులోనే ఆపి చెప్పాను. ఆమె ఒకసారి ఇంటి వైపు చూసింది.

"తుడిచెయ్యండి" అంది. "అమ్మైనా మిగలాలి కదా నాకు. ఆవిడకి మాత్రం మీరే చెప్పండి. నా నోటితో నేను చెప్పలేను."

ఇంట్లోకి వెళ్ళి, ఆవిడ ఎదురుగా కూర్చుని, చెబుదామని నోరు తెరిచాను. ఇంకా చీకటి పడకముందే సైరన్ మోగింది.

గోడ కదిలింది. తలుపు దగ్గరికొచ్చి సగంలో ఆగిపోయింది.

వీధి చివర పొగ దిగుతోంది. ఒక్కొక్క దీపమే కనబడకుండా పోతోంది. నావల్లే ఆగిందనుకున్నాను. పరాయివాణ్ణి నేనే కదా. లేచి తలుపు వైపు పరుగెత్తాను. ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగారు.

"ఆ పొగలోకి ఎక్కడికిరా? బుద్ధుందా నీకు?"

"అబ్బాయి ఇంకా రాలేదు" అంది గోడ. "ఆగుతున్నాను."

నేను గోడ మూత విప్పి, జ్ఞాపకం తుడిచే మీట మీద వేలు పెట్టాను. ఆ అమ్మాయి వచ్చి నా రెండో చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. తుడిచెయ్యండి, తుడిచెయ్యండి అంటూనే ఉంది. నా వేలు కదలలేదు.

ఆవిడ మమ్మల్ని పక్కకి నెట్టి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏరా, ఎంతసేపు? పొగ కనబడ్డం లేదూ? ఇల్లంతా నీ కోసం నోరు తెరుచుకుని కూర్చుంది. ముందు లోపలికి రా."

వీధిలో బూట్ల చప్పుడు. ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. మనిషి లేడు, చప్పుడొక్కటే గడప దాటింది.

"అబ్బాయి వచ్చాడు."

"వచ్చావు కదా, ఇక చాలు" అన్నారు ఆవిడ, ఖాళీగా ఉన్న హాలు వైపు తిరిగి. "పొద్దున్నే లేచి మళ్ళీ బయల్దేరావంటే కాళ్ళు విరగ్గొడతాను. ఇంట్లోనే పడి ఉండు."

"అందరూ ఇంట్లోనే ఉన్నారు. మూసేస్తున్నాను" అంది గోడ.

మూసుకుంది. పొగ బయట ఇనుముని గీరుతూ పోయింది. చీకట్లో మేం గోడకి ఆనుకుని కూర్చున్నాం. నా చెయ్యి ఇంకా ఆ అమ్మాయి చేతిలోనే ఉంది.

"నేనుండగానే మూసుకుంది" అన్నాను మెల్లిగా. "నన్ను పరాయివాడు అనుకోలేదు."

"మా అమ్మ చేత అన్ని తిట్లు తిన్నారు. ఇంకా పరాయివాళ్ళెలా అవుతారు?"

"గోడ సంగతి సరే. మరి మీరేమనుకుంటున్నారు?"

"గోడ కంటే ముందే అనుకున్నాను. చెబితే మీకు కళ్ళు నెత్తికెక్కుతాయని ఊరుకున్నాను."

"నేనైతే ఆ పిండి చల్లిన రోజే అనుకున్నాను" అన్నాను.

"ఆ రోజు మీరు కుర్చీ మీదెక్కి కూర్చున్నారు."

"అక్కడ కూర్చునే అనుకున్నాను."

మర్నాడు పొద్దున్న తలుపు మూసే ఉంది. సాయంత్రం ముగ్గురం హాల్లో తలుపుకి ఎదురుగా కూర్చున్నాం. వెలుగు పోయింది. చీకటి పడింది. తలుపు తెరుచుకోలేదు.

"బాగైపోయింది. ఇక తుడవక్కర్లేదు" అన్నాను సంతోషంగా.

ఆవిడ చాలాసేపు తలుపు వైపే చూశారు.

"వాడు పోయాడే" అన్నారు కూతురితో.

"అదేంటమ్మా, నువ్వు ఉండమన్నావు, ఉన్నాడు. అందుకే కదా తలుపు తెరుచుకోనిది."

"బతికున్నవాడైతే ఉండమంటే ఉండేవాడా? పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి విన్నాడా నా మాట? వెళ్ళొద్దురా అని ఈ గుమ్మంలోనే ఎంత మొత్తుకున్నాను ఆ రోజు."

అప్పుడు ఏడ్చారు ఆవిడ. కొడుకు వెళ్ళిన దగ్గర్నుంచీ ఒక్క చుక్క కార్చని మనిషి, కూతురి ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చారు. ఆ అమ్మాయీ ఏడ్చింది. అతన్ని ఎన్నడూ చూడని నాకు కూడా కన్నీళ్ళు ఆగలేదు.

ఎప్పటికో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"నువ్వైనా వింటావా చెప్పిన మాట?"

"వింటానండీ."

"అండీ ఏమిట్రా? అత్తయ్యా అను."

"వింటాను అత్తయ్యా. ఎక్కడికీ వెళ్ళను" అన్నాను. సంతోషంలో కాస్త గట్టిగానే అన్నాను.

లోపలి గదిలో మంచం కిర్రుమంది, ఎవరో అటు తిరిగి పడుకున్నట్టు.

"మెల్లిగా మాట్లాడు" అన్నారు అత్తయ్య. "వాణ్ణి పడుకోనీ."